సోమవారం ఎలుగుబంటి

“ఆ క్యారియరు కింద పెట్టుమే. ఈ పొద్దు నువ్వు ప్రొద్దుటూరు పొయ్యేది లేదు,” అంది రామేశ్వరమ్మ, గడపకు అడ్డంగా చాట పట్టుకుని కూర్చుని.

చాటలో బియ్యం లేవు. రాళ్ళూ లేవు. అత్త ఖాళీ చాట చెరగడం పెళ్ళైన పదకొండేళ్ళలో పద్మావతి చూడటం ఇదే మొదటిసారి.

“నూరక్క కూడు తిని మూడు దినాలైంది అత్తా. ఆ ఆస్పత్రి ఇడ్లీతో గోడకు మేకు కొట్టొచ్చంట. చారు, బువ్వ ఇచ్చేసి మాపటేలకు వచ్చేస్తా.”

“ఆయమ్మకు సుట్టాలు లేరా? పులివెందల నుంచి తమ్ముడు వస్తాండాడంట కదా. వాడు తెస్తాడు కూడు.”

“తమ్ముడు టైరు తెస్తాడేమో, వాళ్ళది టైర్ల అంగడే కదా. మనం పక్కింటోళ్ళం. నడుమ గోడ సగం వాళ్ళది, సగం మనది. నీకు కాన్పు కష్టమైన పొద్దు వాళ్ళ అవ్వే కదా వచ్చింది? నువ్వు చెప్పిందే.”

“చెప్పినా. ఇప్పుడు కూడా చెప్తాండా. పోవాకు.”

“ఎందుకు?”

రామేశ్వరమ్మ చాట ఇంకాస్త గట్టిగా చెరిగింది. లేని పొట్టు పోవడానికి ఒకసారి నోటితో ఊదింది కూడా.

“ఊరంతా ఊరికే ఉంటే నీకు మాత్రం వాళ్ళ మింద ఏంది అంత ఇది? ఈడ మీ మామ కూడా మూడు దినాల నుంచి ముద్ద ముట్టలే. ఆయప్పకు ఎవురన్నా క్యారియరు కడతాండారా?”

అనేసి నాలుక కరుచుకుంది.

“మామకేమైంది?” అంది పద్మావతి.

చాట ఆగిపోయింది. వాకిట్లో కోడి ఒకటి ఇటు చూసి, తనకెందుకన్నట్టు అటు వెళ్ళిపోయింది.

“ఏమీ కాలే. మంద కాడ ఉండాడు. నోరు బాగలేదంట,” అని రామేశ్వరమ్మ పక్కకు జరిగింది. “పో. పొయ్యేదైతే పో. పోయి బువ్వ పెట్టి, నోరు మూసుకొని రా.”

అంత సులువుగా దారి వదిలినందుకు పద్మావతికి భయం వేసింది.

* * *

పద్మావతి ఊళ్ళో లేని మూడు రోజుల్లో ఇదంతా జరిగింది. ఆమె పులివెందులలో పిన్నమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళింది. సోమవారం పొద్దున ఆమె అక్కడ పెళ్ళికూతురి జడకు పూలు కుడుతున్న వేళకు, ఇక్కడ జమ్మలమడుగు దాటాక కొండ పక్కనుంచి వేసిన కొత్త నాలుగు వరసల రోడ్డు మీద పక్కింటి ఖాదర్ మోటారుసైకిలు పడిపోయింది. వెనక కూర్చున్న కూతురు ఆర్షియా తలకు పద్నాలుగు కుట్లు. నర్సింగు సీటు కోసం తిరుపతి వెళ్ళే బస్సెక్కవలసిన పిల్ల, ఒక రోజంతా స్పృహ లేకుండా పడి ఉంది. లేచాక ఆమెకు ఇంట్లో టీ తాగింది గుర్తుంది గానీ, ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

ఖాదర్‌కు తొడ ఎముక విరిగింది. నోరు మాత్రం బాగానే ఉంది.

“ఎలుగొడ్డు అడ్డం వచ్చింది,” అన్నాడు.

ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి రెండు కారణాలు. మొదటిది ఖాదరే. మూడేళ్ళ తర్వాత కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన నెల రోజుల్లో వీధి వీధంతా అతని కథలు వినేసింది. అక్కడి షేకు డేగకు ఏసీ గది ఉందన్నాడు. దానికి పాస్‌పోర్టు ఉందన్నాడు. దానికి జ్వరమొస్తే తనే ఆస్పత్రికి కారులో తీసుకెళ్ళానన్నాడు. డేగ దాకా ఎలాగో సర్దుకున్న జనం ఎలుగుబంటి దగ్గర ఆగిపోయారు.

రెండో కారణం మోరీ. రోడ్డు కొండకూ చేలకూ మధ్య అడ్డం పడింది కాబట్టి, కొండ జంతువులు రోడ్డెక్కకుండా కిందినుంచే దాటిపోవడానికి లారీ పట్టేంత ఎత్తున ఒక దారి కట్టారు. కాగితాల్లో దానికి పెద్ద పేరుంది. ఊరికి అది మోరీ. ఎలుగులు పగలు కొండ గుహల్లో పడుకుని, చీకటి పడ్డాక ఇవతలి కుంటకు నీళ్ళకొచ్చి, తెల్లారకముందే ఆ మోరీలోంచి కొండకు వెళ్ళిపోతాయి. అట్లా వెళ్తున్నాయని అటవీ శాఖ ఆఫీసు పుస్తకంలో రోజూ రాసి ఉంది.

రోజుకూలీ మీద ఆ మోరీకి కాపలా పని చేసేది పద్మావతి భర్త వెంకటకృష్ణే. రోజూ సాయంత్రం మోరీలో మెత్తటి మట్టి పరిచి, చెక్కతో చదును చేయాలి. తెల్లారకముందే పోయి దూరంగా కాపు కాసి, ఏది ఎన్ని గంటలకు దాటిందో చూసి, మట్టి మీది అడుగులతో సరిచూసుకుని, ఏ జంతువు, ఎన్ని, ఎటునుంచి ఎటు, అని పుస్తకంలో రాయాలి.

ఆ పుస్తకం పట్టుకునే ఈ పొద్దున అతను ప్రొద్దుటూరు బండెక్కాడు. ఆఫీసు మేడమ్ రమ్మన్నదన్నాడు. ముఖం మాత్రం పరీక్ష ఫలితాలకు పోతున్నవాడిలా ఉంది.

* * *

ఆస్పత్రి గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద కాలు పైకి కట్టించుకుని ఖాదర్. ఇంకోదాని మీద తల నిండా కట్టుతో ఆర్షియా. నడుమ స్టూలు మీద నూరున్నీసా, మొగుడికి వీపు, కూతురికి ముఖం పెట్టి.

మూడు రోజులుగా ఆమె ఖాదర్‌తో మాట్లాడటం లేదు. చెప్పవలసింది నర్సుతో చెబుతోంది, నర్సు అతనితో చెబుతోంది. నర్సు లేనప్పుడు గోడతో చెబుతోంది.

“రా సెల్లే,” అన్నాడు ఖాదర్, పద్మావతిని చూసి ఒక మోచేతి మీద లేస్తూ. “నువ్వన్నా నమ్ము. ఇంత ఎత్తుండాది. కండ్లు నిప్పుల మాదిరి. రెండు కాళ్ళ మింద లేసి నిలబడి, బండి హ్యాండిలు పట్టుకున్యాది.”

“హ్యాండిలు పట్టుకుందా అన్నా?”

“పట్టుకున్నెట్లే.”

“నిన్నటికి నాలుగడుగుల ఎలుగొడ్డు,” అంది నూరున్నీసా గోడతో. “ఈ పొద్దుకు ఆరడుగులాయ. డిశ్చార్జి నాటికి ఏనుగైతాది.”

పద్మావతి క్యారియరు విప్పి చారన్నం కలిపింది. నూరున్నీసా రెండు ముద్దలు తిని, మూడోది చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో మొగుడితో కలిసి బతికిన కాలం కూడితే నాలుగేళ్ళు రాదని ఆమె ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు ఆ నవ్వు ఉన్న చోటు కూడా కనిపించలేదు.

“ఒక్క మాట అనుంటే సరిపోయ్యేది పద్మా. తప్పాయ, చూసుకోలే అని. బిడ్డ తల పగిలినా ఆయనకు కథే కావాల్సొచ్చె.”

“కథ కాదంటాండా కదా!”

“నర్సమ్మా, ఆయనను అరవొద్దని చెప్పు. పాప పండుకుంది.”

గదిలో నర్సు లేదు.

అప్పుడే తలుపు తోసుకుని అటవీ శాఖ బీటాఫీసరు సమీరా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు, చంకలో నీలం అట్ట పుస్తకం. ఆమె వెనకాల, తన నీడ తనకే అడ్డమైనట్టు, వెంకటకృష్ణ.

“ఖాదర్‌గారూ, మీ మాట నేను కొట్టిపారేయలేదు,” అంది సమీరా నిలబడే. “ఆ దారి కోసం నాలుగేళ్ళు కాగితాలు మోసినదాన్ని నేను. అది కట్టినా జంతువు రోడ్డు మీదకొచ్చిందంటే ఎక్కడో తప్పుంది. ఉంటే నేనే రాస్తాను. అందుకే పుస్తకం తెప్పించాను. వినండి.”

పుస్తకం తెరిచి చదివింది.

“సోమవారం. ఉదయం ఐదూ ఇరవై. ఎలుగుబంటి ఒకటి, పిల్ల ఒకటి. తూర్పు నుంచి పడమటికి. కింది దారిన దాటినవి.”

తల ఎత్తింది.

“అంబులెన్సుకు ఫోన్ వచ్చింది ఐదూ ఇరవై ఐదుకు. అంటే మీరు పడిన టైముకు అది మోరీలో ఉంది. మీ ముందుకు ఎట్లా వస్తుందండీ?”

ఖాదర్ పైకి కట్టిన తన కాలి వంక చూసుకున్నాడు.

పద్మావతికి ఆ మాటలేవీ సరిగ్గా వినబడలేదు. ఆమె సమీరా చేతిలోని కాగితం చూస్తోంది. ఆ గుండ్రటి అక్షరాలు, పక్కన గళ్ళు కొట్టిన సన్నటి గీతలు. ఆ ‘లు’ కొమ్ము అంత పొడుగ్గా లాగే అలవాటు మానుకొమ్మని బీకామ్‌లో మేడమ్ మూడేళ్ళు చెప్పి ఓడిపోయింది.

ఆ రాత తనది.

వెంకటకృష్ణ రాత అతనికే అర్థం కాదు. అందుకని పని దొరికిన రోజు నుంచీ పుస్తకం ఆమే రాస్తోంది. పొద్దున అతను వచ్చి చెబుతాడు, ఆమె ఒక చేత్తో దోసె తిప్పుతూ ఇంకో చేత్తో రాస్తుంది. పోయిన శనివారం మాత్రం, “నువ్వు పెండ్లికి పోతాండావు కదా, వారానికి సరిపడా రాసిపెట్టి పో,” అన్నాడు. తప్పే. కానీ పెట్టె సర్దుకునే హడావిడిలో అది తప్పులా కాక తమాషాలా తోచింది. ఆదివారం అడవిపంది. సోమవారం ఎలుగు, పిల్ల. మంగళవారం ఎలుగు ఒక్కటే, పిల్లలు దినామూ పెందలాడే లేస్తారా ఏంది అని పిల్లకు సెలవిచ్చింది కూడా. రాసుకుంటూ తనలో తనే నవ్వుకుంది.

సోమవారం ఎలుగుబంటి పుట్టింది శనివారం. వంటింట్లో, మిక్సీ పక్కన.

చేతిలోని గరిటె క్యారియరు మూత మీద పెట్టేసింది.

బుధవారం ఆ పేజీలో ఆఖరి వరస. పేజీ తిప్పితే రేపు ఉంటుంది, ఎల్లుండి ఉంటుంది. సమీరా బొటనవేలు కాగితం అంచు మీద ఉంది.

“ఇంగ చాలు మేడమ్,” అంది నూరున్నీసా.

సమీరా పుస్తకం మూసింది.

నూరున్నీసా ట్యూబులైటు వైపు చూస్తూ, చాలా మెల్లగా చెప్పింది. “మా తమ్ముడు వాహిద్ ఐదుకు కారు తెస్తాండాడు. పాపను పులివెందలకు తీస్కపోతా. ఇంగ ఆడే ఉంటాం. ఆయన కాలు బాగైనాక కువైట్‌కే పోనీ, యాడికన్నా పోనీ. ఆడ నమ్మేటోళ్ళు శానామంది ఉంటారు.”

నెల రోజులుగా మాట్లాడుతూనే ఉన్న మనిషి మాట్లాడకపోతే గది పెద్దదైనట్టు అనిపించింది.

“ఐదుకు నేనూ వస్తాను,” అంది సమీరా. “జంతువు వల్ల కాదని కాగితం రాసి తెస్తాను, సంతకం చేస్తే మూసేద్దాం.”

* * *

“పా బయటికి,” అంది పద్మావతి భర్తతో.

మెట్ల కింద, చెప్పుల కుప్ప పక్కన నిలబెట్టింది.

“సోమవారం నువ్వు మోరీ కాడికి పోయినావా?”

“ఏమ్మే, ఈడనా?”

“పోయినావా, లేదా?”

“లే.”

“ఆదివారం?”

వెంకటకృష్ణ చెప్పుల కుప్పలో తన జత వెతకడం మొదలుపెట్టాడు. అవి కాళ్ళకే ఉన్నాయి.

“మూడు వారాలైంది పోయి,” అన్నాడు చివరికి.

“మూడు వారాలా! మరి దినామూ పొద్దన్నే వచ్చి నాకు చెప్తాంటివే. ఎలుగు ఇట్ల పాయ, నక్క అట్ల పాయ అని. యాడ చూసి చెప్పినావు?”

“టీ అంగట్లో కూర్చొని... ముందు రాసినేటివి చూసి, అట్ల ఇట్ల మార్చి చెప్తాంటి. మట్టి లేదు మే ఆడ చదును చేసేకి.”

“మట్టి ఏమాయ?”

“నాన్న గొర్లు తోలినాడు మోరీలోకి.”

పద్మావతికి మొదట అర్థం కాలేదు. మామ ఎర్రన్న మూడు వారాలుగా ఎవరిదో చేలో మంద కడుతున్నాడనే ఆమెకు తెలుసు. ఎరువు కోసం రైతులు పిలుస్తారు, రాత్రుళ్ళు గొర్రెలను వాళ్ళ చేలోనే ఉంచి, చుట్టూ కంప వేసి, మామ అక్కడే పడుకుంటాడు. తరతరాలుగా చేసే పనే. కూడు అత్తే తీసుకెళ్తుంది.

“చేలో కాదా?”

“మోరీలోనే. పైన కప్పుండాది, వాన రాదు. అటు రొంత, ఇటు రొంత కంప కొడితే సరిపాయ, దొడ్డి తయారు. తోడేలు రాదు. నేను వద్దంటి మే. వింటాడా?”

“రెండు పక్కలా కంప కొట్టినారా?”

“ఊఁ.”

“మరి ఎలుగు యాడ పోతాది?”

వెంకటకృష్ణ తలెత్తి ఆమెను చూశాడు. ఆ ప్రశ్న మూడు వారాల్లో అతనికి ఒకసారి కూడా రాలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. తర్వాత, కొంచెం కొంచెంగా, అతని ముఖం పాలిపోవడం మొదలైంది.

“బండి తీ,” అంది పద్మావతి.

* * *

రోడ్డు కింద మోరీ నోరు కనబడకుండా సర్కారు తుమ్మ కంప గోడలా పేర్చి ఉంది. లోపల ఎనభై గొర్రెలు, నిండు సినిమా హాల్లో జనంలా ఊపిరాడకుండా. పైన లారీలు పోతుంటే కప్పు సన్నగా అదురుతోంది.

పద్మావతి కంప చుట్టూ నడిచింది. కంప ముందు నేల మీద గోళ్ళ అచ్చులు. ఒకసారివి కావు, ఎన్నో రోజులవి, ఒకదాని మీద ఒకటి. వచ్చింది, చూసింది, వాసన పట్టింది, తిరిగింది. అక్కడినుంచి రోడ్డు గట్టు ఏటవాలు మీదికి, మెత్తటి మట్టిని లోతుగా చీల్చుకుంటూ పైకి ఎక్కాయి.

పైనే, రెయిలింగు దగ్గర, పగిలిన మోటారుసైకిలు అద్దం ముక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

ఆమె వంగి ఒక అచ్చు మీద అరచేయి పెట్టి చూసింది.

“యాందిమ్మా, ఈడికొచ్చినావు?” కంప సందులోంచి ఎర్రన్న బయటికొచ్చాడు. మూడు రోజుల్లో మనిషి మూడేళ్ళు పెద్దవాడయ్యాడు. భుజం మీద తువ్వాలు లేదు. ఆ తువ్వాలు లేకుండా ఆయనను ఆమె ఎప్పుడూ చూడలేదు.

“ఎవురు చెప్పినారు మామా నీకు, ఈడ కంప కొట్టమని?”

“చెప్పేదేంది? ఇది మా తాత కాలం నుంచి గొర్లు కొండకు పొయ్యే బాట. ఎలుగులదీ ఇదే, మాదీ ఇదే. ఎవురి టైము వాళ్ళది. రోడ్డేసి నడుమ తెంచినారు. పోయినేడు దాటేటప్పుడు ఒక్క లారీ కింద పంతొమ్మిది గొర్లు పాయ, నువ్వూ ఏడ్చినావు కదా. ఎలుగులకు మోరీ కట్టిరి. నాకేమో మూడు మైళ్ళవతల తిరుక్కొని పో అనిరి. ఆ బోర్డు మింద జంతువులు దాటే దారి అని రాసుండాదంట కదా, నువ్వే చదివి చెప్తివి. గొర్లు జంతువులు కాదా?”

ఆ ప్రశ్నకు జవాబు బోర్డు రాసినవాళ్ళ దగ్గర కూడా ఉండకపోవచ్చు.

“కాదనను మామా. కానీ ఖాదరన్న చెప్పింది నిజమే కదా. ఎలుగు కింద పోలేక రోడ్డెక్కింది.”

ఎర్రన్న తన చేతులు చూసుకున్నాడు.

“ఎక్కలే,” అన్నాడు. “నేనెక్కిచ్చినా.”

పైన ఒక లారీ పోయింది.

“నువ్వు చూసినావా నాన్నా?” అన్నాడు వెంకటకృష్ణ.

“చూసినా. ఈడే పండుకోనుంటి. దినామూ తెల్లారకముందే మబ్బుతోనే వచ్చి, కంప చూసి, పక్కనించి పైకి పొయ్యేది. ఆ పొద్దు పోలే. తెల్లారతాండాది, దానికీ తొందర. పిల్లనేసుకొని కంపలోకే దూరబొయ్యింది. గొర్లు బెదిరి ఒకదాని మింద ఒకటి పడతాండాయి. నేను పళ్ళెం ఎత్తుకొని దబదబా బాదినా. రాళ్ళేసినా. అది గట్టెక్కింది. అప్పుడే బండి వచ్చె.”

“చెప్పొద్దంటి కదా!”

రామేశ్వరమ్మ. తల మీద సంగటి గంప, రొప్పుతూ గట్టు దిగుతోంది.

“నోరు మూసుకోమంటి కదయ్యా! చెప్తే కేసైతాది. ఈ వయసులో స్టేషన్లో బెంచీ మింద కూర్చుంటావా? వీని పని పోతాది. మేయ్ పద్మా, నువ్వు ఇంటి కోడలువా, వాళ్ళ వకీలువా?”

“అవును పద్మా, నా పని...” అని మొదలుపెట్టాడు వెంకటకృష్ణ.

“నీ పని యాడుందప్పా? చేస్తే కదా పొయ్యేకి.”

అతను కంప వైపు తిరిగాడు.

“అత్తా, రాసింది నేను. చూడకుండా రాసినా. నేను రాసిన అబద్ధంతో ఆ మనిషిని అబద్ధాలకోరును చేసి, సాయంత్రానికి ఆ ఇల్లు రెండు ముక్కలు చేస్తాండారు. కేసంటావా, నా మింద కూడా పెట్టుకోనీ. నూరక్క మొగం చూసి నేను ఆ గోడ పక్కన బతకలేను.”

“ఆ మాటలకేం తక్కువ లేదు. స్టేషన్లో కూడు మాత్రం నేనే తేవాల!”

“రామేశ్వరీ,” అన్నాడు ఎర్రన్న. ఆయన పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం పద్మావతి ఎన్నడూ వినలేదు. రామేశ్వరమ్మ కూడా విన్నట్టు లేదు, నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. “ముద్ద నోటి కాడికి తెస్తే ఆ పాప తల కనపడతాంది. నా తువ్వాలంతా తడిసిపాయ. ఖాదరు గొంతు కోస్తాండారని తెలిసి ఈడ దాక్కొని, నేను ఏం తినేది?”

ఎర్రన్న కంప దగ్గరికి నడిచాడు.

“ముందు కంప లాగండి,” అన్నాడు.

నలుగురూ లాగారు. రామేశ్వరమ్మ తిడుతూనే లాగింది. ముళ్ళు దిగి చేతులు రక్తాలయ్యాయి. పడమటి నోరు తెరుచుకోగానే కొండ గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది, గొర్రెలన్నీ తలలెత్తాయి.

“కట్టె ఇట్లియ్యి,” అంది రామేశ్వరమ్మ మొగుడితో. “గొర్లను కుంట కాడ ఆపుతా. తొందరగా పోయి, తొందరగా రా.”

* * *

ఐదవడానికి పది నిమిషాలుంది. ఆస్పత్రి ముందు తెల్ల కారు డిక్కీ తెరిచి ఉంది. గదిలో ఆర్షియాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. నూరున్నీసా సంచి జిప్పు లాగుతోంది. సమీరా చేతిలో కాగితం, ఖాదర్ చేతిలో పెన్ను.

“మేడమ్, ఆ సంతకం వద్దు,” అంది పద్మావతి గుమ్మంలోంచే. “ఆ పుస్తకం రాసింది నేను. పేజీ తిప్పండి.”

సమీరా తిప్పింది.

“గురువారం,” అని చదివింది. “ఉదయం ఐదూ పది. ముళ్ళపంది ఒకటి.” గోడ మీది క్యాలెండరు చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. “ఈరోజు బుధవారం.”

“అవును మేడమ్.”

“రేపొచ్చే ముళ్ళపంది టైము కూడా వేశారే.” వేలు కిందికి జరిపింది. “శుక్రవారం, శనివారం... పద్మావతిగారూ, ఈ లెక్కలు నేను పైకి పంపిస్తున్నాను. ఇంకో రెండు చోట్ల ఇట్లాంటి దారులు కట్టమని ఈ పుస్తకం చూపించే అడుగుతున్నాను. మీకు తెలుసా?”

పద్మావతికి తెలియదు. తెలిసి ఉంటే రాసేది కాదని చెప్పడానికి కూడా ఆమెకు ముఖం చెల్లలేదు.

నూరున్నీసా జిప్పు సగంలో వదిలేసింది. “నువ్వు రాసినావా పద్మా? చూడకుండానే?”

“చూడకుండానే అక్కా.”

ఆ గదిలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా పద్మావతి చెంపకు చేయి పెట్టుకుంది.

అప్పుడు ఎర్రన్న ముందుకొచ్చాడు. చెప్పులు బయటే విడిచి, మంచం కాళ్ళ దగ్గర, బోనులో నిలబడినట్టు నిలబడ్డాడు.

“అమ్మా నూరున్నీసా, నీ మొగుడు అబద్ధం చెప్పలే. ఎలుగొడ్డు వచ్చింది. దాన్ని రోడ్డు మింద తోలింది నేను,” అన్నాడు.

అంతా చెప్పాడు. మోరీ, కంప, పళ్ళెం, రాళ్ళు. దేన్నీ తగ్గించలేదు.

“అది లేసి నిలబడలే, అరవలే. దొంగ మాదిరి వంగి, పిల్లను వీపు మింద ఏసుకొని ఉరికింది. బండి దాని నడుముకు తగిలె. హారను లేదు, బ్రేకు లేదు, నేరుగా వచ్చి తగిలె. పిల్ల జారి పడి, మళ్ళా ఎక్కింది. తల్లి కుంటుకుంటా కొండకు పాయ.”

సమీరా పెన్ను తీసింది, రాయడం మరిచిపోయింది.

“నేను పైకి ఉరికి పాపను ఒళ్ళో ఏసుకున్యా. తువ్వాలు తలకు కట్టినా. లారీ అబ్బీని ఆపి ఫోను చేయమంటి. ఖాదరు ఫోను గడ్డిలో పడి వెలుగుతాండె, దాంట్లో ఏందో బొమ్మ ఆడతాండె, ఎవురో పకపకా నవ్వతాండ్రి. దాన్ని తెచ్చి, తెలివి తప్పి పడుండిన ఆయప్ప జోబీలో పెట్టినా. అంబులెన్సు రాగానే కంప వెనకాలకు పోయినా. అది నేను చేసిన ఇంగొక పాపం. తల్లీ, నీ కాపురం పాడు చేసుకోవాకు.”

కింద కారు హారను ఒకసారి మోగి ఆగింది.

నూరున్నీసా స్టూలు మీంచి లేచింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి మొగుడి వైపు తిరిగింది. ఒక అడుగు అతని మంచం వైపు వేసింది.

ఇక ఖాదర్ మంచం మీద లేచి కూర్చుంటాడని పద్మావతి అనుకుంది. చూసినారా, నేను చెప్పలే, అని గది అదిరేట్టు అరుస్తాడనుకుంది. అరవనీ, పడదాం అనుకుంది.

అతను లేవలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెన్ను వేళ్ళ మధ్యనుంచి జారి దుప్పటి మీద పడింది. అతను పెళ్ళాన్ని చూడలేదు, కూతురిని చూడలేదు. ఎర్రన్ననే, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

“మామా,” అన్నాడు. “నిజంగానే వచ్చిందా ఎలుగొడ్డు?”